పన్ను లేని రాష్ట్రం, పెసరట్ల బార్బీ

పాయింట్ కుక్,
ఆదివారం

ప్రియమైన చైత్రా,

ముందుగా క్షమాపణ. ఈ ఉత్తరం వల్ల ఆస్ట్రేలియా ఖజానాకూ, అమెరికా ఖజానాకూ, ఆర్నెల్ల పని మీద డాలస్ వెళ్ళిన ఒక ఆడిటరు గారి నిద్రకూ కలగబోయే నష్టానికి చేతులు జోడించి, తల వంచి మన్నింపు వేడుకుంటున్నాను. తప్పు నాది కాదు. డబ్బు సంగతి ఫోన్లో మాట్లాడకూడదు, కాగితం మీద రాసి ఫోటో తీసి పంపాలి అని మనింట్లో చట్టం చేసింది నువ్వే. సోఫా కొన్నప్పుడు మూడు రోజులు యుద్ధం జరిగింది కదా, దాని తర్వాత. కాబట్టి నా చేతిరాత నీకు శిక్ష.

ఇక విషయం. మీ కంపెనీ నిన్ను అక్కడే ఉండిపొమ్మంది, టీముకి హెడ్‌గా. నెలాఖరు శుక్రవారం లోపు చెప్పాలి. నువ్వు ఫోన్లో "చూద్దాంలే" అన్నావు. నువ్వు "చూద్దాంలే" అన్న వస్తువు మనింటికి ఎప్పుడూ రాలేదని నాకు తెలుసు. అందుకే ఈ విన్నపం.

టెక్సాస్‌లో ఇన్‌కమ్ టాక్స్ లేదు! ఈ సంగతి ఇవాళ మన పెరట్లో, బార్బెక్యూ పొయ్యి, అదే మన బార్బీ ముందు, గరిటె పట్టుకుని లోకానికి ప్రకటించాను. పెసరట్టు తిప్పడం మర్చిపోయి మరీ. మూడిళ్ళ అవతలి శేషాచలం అంకుల్‌కి చట్నీ గొంతులో అడ్డం పడింది.

"అసలు టాక్సే లేదా! ముప్పయ్యేళ్ళుగా ఇక్కడ కడుతున్నానయ్యా, ఒక్కడూ చెప్పలేదే!"

"చెప్తే మాత్రం మీరు కదులుతారా? టీవీ రిమోట్ కోసమే లేవరు," అంది లీలావతి ఆంటీ.

చూశావా, ప్రజాభిప్రాయం మనవైపే ఉంది. నీ వీసా మీద వస్తే నేనూ పని చేసుకోవచ్చట. ఒప్పేసుకో.

నీ విధేయుడు, పన్నుపోటు బాధితుడు,
ఆదర్శ్

—

డాలస్,
బుధవారం

ప్రియమైన బాధితుడికి,

నీ క్షమాపణ తిరస్కరించడమైనది. నీ లెక్క కూడా.

టెక్సాస్‌లో లేనిది రాష్ట్రం వేసే ఇన్‌కమ్ టాక్స్. కేంద్రం వేసేది నిక్షేపంలా ఉంది, ప్రతి జీతంలోనూ నాకు కనిపిస్తూనే ఉంది. ఆస్ట్రేలియాలో ఒక్క కేంద్రమే ఇన్‌కమ్ టాక్స్ వేస్తుంది కాబట్టి, రాష్ట్రానికి వేరే ఉంటుందని నీ బుర్రకి తట్టలేదు. ఆ మాటకొస్తే మన విక్టోరియా కూడా ఇన్‌కమ్ టాక్స్ లేని రాష్ట్రమే. ఎనిమిదేళ్ళుగా స్వర్గంలో ఉన్నావు, అభినందనలు. అంకుల్‌కి కూడా చెప్పు, పాపం.

మిగతాది విను. రాష్ట్రానికి డబ్బు ఆకాశం నుంచి రాదు కదా. ఇక్కడ సొంతిల్లు ఉంటే, ఇంటి విలువలో దాదాపు రెండు శాతం ఏటేటా కట్టాలి. ఇంటి మీద అప్పు తీరిపోయినా ఆ పన్ను తీరదు. షాపులో చొక్కా మీద ఒక అంకె ఉంటుంది, కౌంటర్ దగ్గర ఇంకో అంకె. అమ్మకం పన్ను అక్కడ కలుపుతారు. మొదటి వారం నేను చేతిలో చిల్లర లెక్కపెట్టుకుని వెళ్ళి వెర్రిదానిలా నిలబడ్డాను. రోడ్లకి టోలు. ఎండకి ఏసీ బిల్లు. ఆఫీసులో మాత్రం బాగుంది, మీటింగులో నేను మాట్లాడుతుంటే ఆగి వింటున్నారు. ఆరోగ్య బీమాకి జీతంలోంచి కోత, డాక్టరు దగ్గరికెళ్తే మళ్ళీ చేతి నుంచి. పోయిన చలికాలం నీకు కిడ్నీలో రాయి వస్తే ఆస్పత్రిలో రెండ్రోజులున్నాం. బయటికొస్తూ మనం కట్టింది కారు పార్కింగ్‌కే, గుర్తుందా? అదే ఇక్కడైతే బిల్లు చూసి ఇంకో రాయి పుట్టేది.

గరిటె కింద పెట్టు.

నీ ఆడిటరు,
చైత్ర

—

పాయింట్ కుక్,
ఆదివారం

ప్రియమైన ఆడిటరు గారికి,

చదివాను. రెండుసార్లు చదివాను. లోకంలో ఎవరైనా తన కేసు గెలవాలని వాదిస్తారు. నీకొచ్చిన అవకాశాన్ని నువ్వే బోనులో నిలబెట్టి, నువ్వే సాక్ష్యం చెప్పి, నువ్వే ఓడించావు. ఇలాంటి మనిషిని నేను చూడలేదు, అలాంటి మనిషికి నేనెలా దొరికానో కూడా అర్థం కాలేదు. ఇది పొగడ్త. ఫ్రేము కట్టించుకో.

కానీ ఎదుటి పక్షం లెక్క ఎవరు చూస్తారు? ఇక్కడ పెద్ద జీతం మీద కేంద్రం కోత అక్కడికంటే లోతు. దాని మీద ప్రభుత్వ వైద్యానికని మెడికేర్‌కి రెండు శాతం. ఆ ఆస్పత్రి ఊరికే రాలేదమ్మా, జీతం వచ్చిన ప్రతిసారీ దానికి కట్టాం. చొక్కా ధరలో పదోవంతు జీఎస్టీ ముందే కలిసి ఉంటుంది. కనబడదు కాబట్టి నొప్పి తెలియదు, అంతే. ఈ ఇల్లు కొన్న రోజు స్టాంప్ డ్యూటీ కట్టి వచ్చి, ఇద్దరం ఖాళీ హాల్లో నేల మీద కూర్చుని, మిగిలిన చిల్లరతో కొన్న సమోసాలు తిన్నాం. అప్పటికి సోఫా కూడా లేదు. ఏటేటా కౌన్సిల్ వాళ్ళ ఇంటి పన్ను, కారు రిజిస్ట్రేషన్ సరేసరి.

అంకుల్‌కి నిజం చెప్పాను. "అంటే నేనూ పన్ను లేని రాష్ట్రంలోనే ఉన్నానా?" అని రెండో పెసరట్టు సంతోషంగా వేయించుకున్నాడు. ఈ వారం పెసరట్లు వాళ్ళ పెరట్లో జరిగాయిలే. మన పెరట్లో గాలి ఎక్కువగా ఉంది.

ఇప్పుడు మొత్తం కూడి చెప్పు.

ఇట్లు ప్రతిపక్షం,
ఆదర్శ్

—

డాలస్,
మంగళవారం

ప్రియమైన ఆదర్శ్,

మొత్తం కూడి చూశాను. అద్దెకుంటే టెక్సాస్ కాస్త మిగులు. ఇల్లు కొంటే ఆ మిగులు ఇంటి పన్నులో పోతుంది. ఒంట్లో బాగోకపోతే విక్టోరియా మేలు. మొత్తానికి తూకం అటూ ఇటూ ఒకటే. పన్ను లేని రాష్ట్రం అంటే పన్ను వేరే జేబులోంచి తీసుకునే రాష్ట్రం, అంతే.

అందుకని శుక్రవారం వాళ్ళకి వద్దని చెప్పేస్తున్నాను.

లెక్కలో రాయనిది ఒకటుంది. ఎనిమిదేళ్ళు కష్టపడి అక్కడ నువ్వొక చోటు చేసుకున్నావు. నీ ఉద్యోగం, ఆదివారం వీధి వీధంతా మన పెరట్లో. నా కోసం ఇక్కడ మొదటి నుంచి మొదలుపెట్టమని అడగడానికి నాకు నోరు రాదు, రాయడానికి చెయ్యి కూడా రావట్లేదు. దీని గురించి మళ్ళీ రాయకు.

సరే గానీ, మన పెరట్లో గాలి ఎప్పుడు లేదు? గాలి ఆపడానికని నువ్వే కదా రేకు కట్టావు?

చైత్ర

—

పాయింట్ కుక్,
బుధవారం

ప్రియమైన చైత్రా,

రాయకు అన్నావు. రాస్తున్నాను. దీనికి మాత్రం క్షమాపణ లేదు.

నీ లెక్క తప్పు. కూడిక సరిగ్గానే ఉంది, ఒక పద్దు నీ చూపు దాటిపోయింది. ఏసీ బిల్లుకీ ఆరోగ్య బీమాకీ మధ్య ఇరికించి ఒక వాక్యం రాశావు: మీటింగులో నువ్వు మాట్లాడుతుంటే ఆగి వింటున్నారని. ఇక్కడ ఆరేళ్ళు నువ్వు చెప్పిన మాటనే మీ మేనేజర్ పది నిమిషాలాగి తన మాటగా చెప్పుకుంటే, ఇంటికొచ్చి గిన్నెలు గట్టిగా తోమేదానివి. ఒక్కరోజు కూడా ఫిర్యాదు చెయ్యలేదు. ఆ గిన్నెలు నేను విన్నాను. ఇప్పుడు ఫోన్లో నీ గొంతు పెరిగింది, నీకు తెలుసా? మధ్యలో ఆగి "ఏమంటావు?" అని అడగడం మానేశావు. ఆ గొంతు మీద ఏ ప్రభుత్వమూ పన్ను వెయ్యలేదు కాబట్టి అది నీ పట్టికలోకి రాలేదు.

నా చోటు సంగతంటావా? నా ఉద్యోగం నేల కింద పైపుల్లోంచి నీళ్ళెక్కడ కారిపోతున్నాయో కనిపెట్టడం. పైపులు టెక్సాస్‌లోనూ కారతాయి. కారకపోతే నేనొచ్చాక కారతాయి. భయం లేదని కాదు. ఉంది. రాత్రుళ్ళు పన్ను పట్టికలు చదువుతూ కూర్చున్నది ఆ భయం పోగొట్టుకోవడానికే. అంకెల్లో టెక్సాస్ గెలిస్తే, నువ్వు నా గురించి జాలిపడకుండా వెళ్ళొచ్చు కదా అని. నువ్వేమో నిజాయితీగా అంకెల్ని ఓడించావు. ఇంత మంచి ఆడిటర్ని కట్టుకోవడం నా ఖర్మ.

శుక్రవారం సరేనని చెప్పు.

లేదు, లెక్క తేలలేదు కదా అంటావేమో. నా ఉత్తరాలన్నీ ఉత్త హడావుడి. నేను నిజంగా చేసింది ఒక్కటే. మొదటి ఉత్తరం రాసిన ఆదివారం, అందరూ తిని వెళ్ళాక, పెనం కడిగి, ఆరబెట్టి, మన బార్బీని వీధిలోంచి తోసుకుంటూ మూడిళ్ళ అవతలికి తీసుకెళ్ళాను. దాని ఎడమ చక్రం దారంతా కీచుమంది. శేషాచలం అంకుల్ తలుపు తీసి, "ఇదేంటయ్యా?" అన్నాడు.

"మేం డాలస్ వెళ్తున్నాం అంకుల్, ఇక ఇది మీది," అని చెప్పేసి, ఇంటికొచ్చి నీకు ఉత్తరం మొదలుపెట్టాను.

నీ
ఆదర్శ్