చెక్కపెంకులవాడి పొగగొట్టం

కొయ్‌హైకే నుంచి

అమ్మా, క్షేమం. కట్టెల పొయ్యి బిగించాం, ఇల్లు కాలలేదు.

ఇళ్ళకు చెక్కపెంకులు కప్పే నీ అల్లుడు నోల్బెర్తో, వాన లోపలికి దిగకుండా పెంకు మీద పెంకు వేసినట్టే పై గొట్టాన్ని కింది గొట్టం మీద తొడిగాడు. పొగ చల్లారి, అతుకుల్లోంచి నల్లటి తారు కారి రొట్టెల మీద పడింది.

"మహానుభావా, ఇక్కడ తడి బయటినుంచి రాదయ్యా, లోపలినుంచి కారుద్ది!" అన్నాను.

గొట్టాలన్నీ తిరగేసి, పైదాని మూతి కిందిదాంట్లోకి దూర్చాడు. గొట్టం కప్పు దాటేచోట చుట్టూ జానెడు చెక్క కోసేసి రేకు బిగించాడు. పొద్దంతా మండాక రేకు పక్క చెక్కను తాకి చూశాను, చల్లగా ఉంది.

నీ దగ్గు తగ్గిందా? తమ్ముడితో మన నల్ల బంగాళాదుంపలు పంపు.

పొగగొట్టం పక్క చెక్క అంటుకుని మన ఇల్లు కాలిపోయాక పొయ్యి ఉన్న గదిలో నువ్వు పడుకోలేదు. ఈసారి నువ్వొస్తే నీ పక్క ఈ పొయ్యి గదిలోనే వేస్తాను. నీ చేత్తో ఆ చెక్కను తాకి చూసుకో, ఆ తర్వాతే కళ్ళు మూసుకో.

నీ ఓర్ఫెలీనా