చింతపండు పరామర్శ

చోడవరం, మార్చి 20

ప్రియమైన అచ్చియ్యమ్మకి,

నీకు ఫోన్లో ఏం అరిచినా వినబడదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. బాత్‌రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాను. ఆపరేషన్ బాగానే అయింది, కంగారుపడకు. తుంటి కన్నా పరామర్శలే ఎక్కువ నొప్పిగా ఉన్నాయి. మన చర్చి స్త్రీల సమాజం వంతులు వేసుకుని మరీ వస్తోంది. ఒకామె "దేవుడు పరీక్షిస్తన్నాడు" అంటుంది, ఇంకొకామె బైబిల్లో అన్నీ పోగొట్టుకుని ఒళ్లంతా పుళ్లతో బాధపడ్డ యోబు కథ మొదలుపెడుతుంది. నిన్న మన సమాజంలో ఉండే ఆ రాజ్యం వచ్చి, "అక్కా, దాసిన పాపమేటైనా ఉంటే ఒప్పేసుకో" అంది. నవ్వేశాను గానీ ఆ మాట లోపల గుచ్చుకుంది. దేవుడు నిజంగా నన్ను కొట్టాడంటావా? వచ్చే నెల మొదటి ఆదివారం పాస్టరు దాసు గారు ఇంటికొచ్చి ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం ఇస్తారట. దేవుడు కొట్టినదాన్ని, ఆ రొట్టె ముట్టనని చెప్పేద్దామనుకుంటున్నాను.

కదల్లేని నీ రాజులమ్మ

గాజువాక, మార్చి 27

ప్రియమైన రాజులమ్మకి,

ఒసే, నీకు బుద్ధుందా? యోబు స్నేహితులు ఏడు రోజులు నోరెత్తకుండా అతనితో నేల మీద కూర్చున్నారు. అంతవరకూ మంచివాళ్లే. నోరు తెరిచి నీ పాపమే కారణమన్నాకే చెడిపోయారు. మా ఆయన పోయిన రోజు మా ఇంటి నిండా వాక్యాలు చెప్పేవాళ్లే. నువ్వొక్కదానివే ఒక్క ముక్క మాట్లాడకుండా సాయంత్రం దాకా నా చెయ్యి పట్టుకుని కూర్చున్నావు. దేవుడు నన్ను వదల్లేదని ఆ రోజే నమ్మాను. ఆయన కొట్టేవాడు కాదే, సిలువ మీద తనే దెబ్బలు తిన్నవాడు. రొట్టె తీసుకో. ఈలోగా వచ్చినవాళ్ల ముందు చింతపండు బుట్ట పెట్టు. గింజలు తీస్తూ ఎవరూ ప్రసంగాలు చెయ్యలేరు.

నీ చెవిటి నేస్తం అచ్చియ్యమ్మ

చోడవరం, ఏప్రిల్ 7

ప్రియమైన అచ్చియ్యమ్మకి,

నీ బుట్ట భలే పనిచేసింది. ఏడాదికి సరిపడా చింతపండు సిద్ధం. రాజ్యం మాత్రం గింజలు తీస్తూ తీస్తూ ఏడ్చేసింది. "మా ఆయనకి పక్షవాతం వచ్చినప్పుడు నువ్వే వచ్చి దాసిన పాపమేటైనా ఉందా అని అడిగేవక్కా. అలాగే అడగాలేమో అనుకున్నాను" అంది. నిజమే, అడిగాను. అడిగిన సంగతే మరిచిపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను. చింతపండు చేతులతోనే తన చేతులు పట్టుకుని క్షమించమన్నాను. ఆదివారం ఇద్దరం కలిసి రొట్టె తీసుకున్నాం, కాస్త పుల్లగానే.

ఇక నీ దగ్గరా ఒకటి ఒప్పుకోవాలి. మీ ఆయన పోయిన రోజు పొద్దున్నే నాకు దవడ పన్ను పీకారు. నోటి నిండా దూది. లేకపోతే నీకు గంట ప్రసంగం తప్పేది కాదు.

నిన్న వాకర్ వచ్చింది. మొదట రాజ్యం వాళ్లాయన దగ్గరికే వెళ్లి కూర్చుంటాను. నోరెత్తకుండా, ఈసారి దూది లేకుండానే.

ప్రేమతో, నీ రాజులమ్మ