నీ ద్రాక్ష పందిరి మీద నా కత్తెర

తాతా,

నేరం ఒప్పుకోవడానికి రాస్తున్నాను. ముద్దాయి నీ మనవడు, బీఎస్సీ పాసు.

నీవు పోయి ఏడాది దాటినా నీ ద్రాక్షతీగకు ఎవరూ కత్తెర పెట్టలేదు. అది పందిరి దాటి బావి గిలక దాకా పాకింది. ఆకులే తప్ప ఒక్క గుత్తి లేదు. సంవత్సరీకం అయిన వారానికి నాయనమ్మ నీ కత్తెర నా చేతికిచ్చింది.

"ఏడ కొయ్యాల్నో నీకు ఎరికేనారా?"

"చెట్ల చదువే చదివిన గద నాయనమ్మా, ఫికర్ చెయ్యకు," అన్నాను. నీవు కోసేటప్పుడు పక్కన నిలబడి జోకులేశానే గాని, నీ చేతివైపు చూడనే లేదు.

సాయంత్రానికి పందిరి మీద మోళ్లు మిగిలాయి. కోసిన చోటల్లా నీళ్లు కారసాగాయి. వేళ్లు నీటిని పైకి తన్నడం సహజమేనని గంభీరంగా ఉపన్యసించాను.

"నీ చదువు మంచిగనే ఉన్నది గని, జర గుడ్డ కట్టురా దానికి," అని నీ పాత పంచె చింపి ఇచ్చింది. ఇప్పుడు నీ పందిరి అచ్చం దవాఖానలా ఉంది.

పది రోజుల్లో చిగురొస్తుందని మాటిచ్చాను. పదకొండో రోజున, "ఏమాయెరా చిగురు?" అంది.

"మన తీగకు జర బద్ధకం నాయనమ్మా."

నవ్వింది. నీవు పోయాక ఆమె నవ్వగా చూడటం అదే మొదలు. అప్పటినుంచి ఆమె రోజూ అడుగుతోంది, నేను రోజూ ఓ కొత్త సాకు చెబుతున్నాను. ఆమె లేవకముందే వెళ్లి ఒక్కో కణుపూ తడిమి చూస్తున్నాను.

ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. ఆమె పందిరి కింద కాసేపు నిలబడి లోపలికి వెళ్లిపోయింది. నన్నేమీ అడగలేదు.

సాకు సిద్ధంగానే పెట్టుకున్నాను, తాతా.