లోపలికి ఇద్దరు, బయటికి ఒకరు

నేషనల్ పార్కు వాహనాల విభాగం గుమాస్తా గారికి,

నమస్కారం. నేను తాళాలు బాగుచేసేవాణ్ణి. నాలుగు రోజుల కింద మీ పార్కుకి వచ్చి, చెరువు పక్కన పదిహేడో నంబరు గడిలో గీత దాటకుండా కారు పెట్టాను. తాళంచెవి లోపల ఉండగానే తలుపుకి తాళం పడిపోయింది. మీ వ్యాను వాళ్ళు నన్ను గేటు దాకా దింపితే బస్సెక్కి ఇంటికొచ్చాను.

ఆ తలుపు తియ్యడం నాకు అర నిమిషం పని. కానీ మీ బోర్డు మీద తొమ్మిదో రూలు ఉంది. పార్కులో ఏ బండినైనా దాని తాళంచెవితో కాక మరోలా తెరిస్తే దొంగతనం కింద లెక్క అట. అందుకని అనుమతి అడుగుతున్నాను. ముప్ఫై రోజులు కదలని బండిని క్రేనుతో ఎత్తి తుక్కు కింద నలిపేస్తారని కూడా అదే బోర్డు మీద చదివాను. దయచేసి ఆ పని మాత్రం చెయ్యకండి. అద్దాలు పగలగొట్టకండి. డ్రైవరు పక్క సీటు మా ఆవిడది, తనకి సరిపోయేలా ముందుకి జరుపుకుంది. దాన్ని అస్సలు కదపకండి.

ఇట్లు,
తాళాల మేస్త్రి

తా.క.: జవాబు కవరు మీద నా తాళం సంగతేమీ రాయకండి. పోస్ట్‌మాన్ ఇంటికి తాళం బిగించింది నేనే, పరువు పోతుంది.

తాళాల మేస్త్రి గారికి,

మీ ఉత్తరం అందింది. తొమ్మిదో రూలుకి మినహాయింపు ఇచ్చే అధికారం నాకు లేదు, ఉన్నవారు సెలవులో ఉన్నారు. రెండో తాళంచెవి తెచ్చుకుంటే ఏ గొడవా లేదు.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి వచ్చిపడింది. గేటు రిజిస్టరు ప్రకారం ఆ రోజు మీ కార్లో లోపలికి వెళ్ళింది ఇద్దరు. వ్యానులో బయటికి వచ్చింది ఒకరు. నాలుగో రూలు ప్రకారం పొద్దుగుంకాక పార్కులో ఎవరూ ఉండకూడదు, కార్లో కూర్చుని ఉన్నా సరే. కావున మీ భార్య గారిని వెంటనే బయటికి రమ్మని చెప్పవలెను.

ఇట్లు,
గుమాస్తా, వాహనాల విభాగం

తా.క.: ఆవిడ ఇంజను ఆపే ఉంచారు కదా? లేకపోతే అది ఏడో రూలు.

గుమాస్తా గారికి,

నమస్కారం. రెండో తాళంచెవి మా ఆవిడ చేతిసంచిలో ఉంది. ఆ సంచీ కార్లోనే ఉంది.

గేటు దగ్గర ఎంతమందని అడిగితే ఇద్దరమని చెప్పింది నేనే. ముప్ఫై ఆరేళ్ళుగా ఏటా ఆ గేటు దగ్గర అదే మాట చెబుతున్నాను, నోటికి అలా వచ్చేసింది. మా ఆవిడ కార్లో లేదు. ఇంట్లోనూ లేదు. ఇక రాదు. ఇంతకంటే నన్ను గుచ్చి గుచ్చి అడగకండి. కారు సంగతి చూడండి, అప్పుడే పదమూడు రోజులైపోయాయి.

ఇట్లు,
తాళాల మేస్త్రి

తా.క.: ఇంజను గురించి బెంగ వద్దు. తనకి బండి నడపడం రాదు. నడిపేవాళ్ళకి చెప్పడం మాత్రం వచ్చు.

మేస్త్రి గారికి,

మీ ఉత్తరం చదివి ఆఫీసంతా కంగారు పడిపోయింది. మొగుడూ పెళ్ళాలన్నాక మాటా మాటా అనుకుంటారు, కాదనను. కానీ అలిగి కారు దిగి అడవిలోకి నడిచి వెళ్ళడం ఆరో రూలుకి విరుద్ధం. చేతిసంచి కూడా తీసుకోకుండా వెళ్ళారంటే కోపం బాగా తలకెక్కి ఉండాలి.

పన్నెండుమంది గార్డులు మూడు రోజులుగా చెరువు చుట్టూ వెతుకుతున్నారు. "అమ్మా, మేస్త్రి గారు తప్పు ఒప్పుకున్నారు, వచ్చెయ్యండి" అని మైకులో పిలుస్తున్నారు. పార్కులో పెద్ద చప్పుడు నిషేధం కనక దానికి విడిగా అనుమతి తీసుకున్నాం. నిన్న ఆడవాళ్ళ చెప్పు ఒకటి దొరికింది. సైజు ఆరు. గుర్తుపట్టగలరేమో తెలియజేయండి.

ఇట్లు,
గుమాస్తా, వాహనాల విభాగం

తా.క.: మీరు తప్పు ఒప్పుకోలేదని నాకు తెలుసు. మా ఇంట్లో ఆ మాట పనిచేస్తుంది, అందుకని వాడాం.

బాబూ,

వెతకడం ఆపించండి. గార్డుల్ని ఇళ్ళకి పంపించండి. మా ఆవిడ పోయి ఎనిమిది నెలలయింది. ఆస్పత్రిలో, మంగళవారం, భోజనాల వేళ. ముందే రాయాల్సింది. ఆ మాట కాగితం మీద పెట్టడం నాకిదే మొదటిసారి, చెయ్యి రాలేదు.

ఏడాదికోసారి ఆ చెరువు దగ్గర కారాపుకుని కూర్చునేవాళ్ళం. తను బాతుల్ని లెక్కపెట్టేది, నేను తప్పని చెప్పేవాణ్ణి. ఆస్పత్రి దగ్గర కారు దిగేటప్పుడు చేతిసంచి సీటు మీద పెట్టి, తిరిగి వెళ్ళేటప్పుడు తీసుకుంటానంది. అప్పట్నించీ నేను దాన్ని ముట్టుకోలేదు. ఆ కారు నలిపేస్తే నాకు మిగిలేదేమీ లేదు. ఇరవై రోజులయ్యాయి.

ఇట్లు,
తాళాల మేస్త్రి

తా.క.: చెప్పు తనది కాదు. తనది అయిదు. అయినా ఒక చెప్పు వదిలేసి వెళ్ళే మనిషి కాదు, రెండోది దొరికేదాకా నాతో అడవంతా వెతికించేది.

మేస్త్రి గారూ,

క్షమించండి. మైకు తిరిగి ఇచ్చేశాం.

కానీ రిజిస్టరు తెమలడం లేదు. మరణ ధ్రువపత్రం జత చేద్దామంటే, లోపలికి వచ్చిన తేదీకి ఎనిమిది నెలల ముందే పోయినవారిని ఏ కాలమ్‌లో రాయాలో మా పైఅధికారికీ తెలియలేదు. ఇద్దరని తప్పు చెప్పానని మీరు రాసిస్తే అది ఇరవయ్యో రూలు, మిమ్మల్ని ఇక జన్మలో పార్కులోకి రానివ్వరు. రాసివ్వకపోతే మా కాగితాల్లో ఆవిడ లోపలే ఉన్నట్టు.

క్రేను శుక్రవారం వస్తోంది. గురువారం మధ్యాహ్నం చెరువు దగ్గర కాపలా నేను అడిగి వేయించుకున్నాను. ఆ వేళప్పుడు నాకు కళ్ళు సరిగ్గా ఆనవు. వచ్చి తలుపు తీసుకోండి.

ఇట్లు,
గుమాస్తా

తా.క.: అర నిమిషమన్నారు. గడియారం పెట్టుకుని చూస్తాను.

బాబూ,

గురువారం అక్కడున్నంతసేపూ నీ వీపే చూశాను. అర నిమిషమన్న పనికి నలభై నిమిషాలు పట్టింది, నువ్వు ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. నీకు నిజం చెప్పాలి.

నలభై ఏళ్ళు తాళాలు తీసినవాడు తాళంచెవి లోపల మర్చిపోడు. ఆ రోజు దారి పొడుగునా తను పక్కనున్నట్టే మాట్లాడుకుంటూ వచ్చాను, గేటు దగ్గర ఇద్దరమని చెప్పాను. చీకటి పడేముందు బయల్దేరబోతే, తిరిగి అదే గేటు దగ్గర ఒక్కణ్ణని చెప్పడం నా వల్ల కాలేదు. తాళంచెవి సీటు మీద పెట్టి, మీట నొక్కి, తలుపు నేనే వేశాను. తనని చెరువు ముందు కూర్చోబెట్టి బస్సెక్కాను. మీ తొమ్మిదో రూలు నాకు మంచి సాకుగా దొరికింది.

కారు ఇంటికి చేరింది. సీటు కదపలేదు. చేతిసంచి మాత్రం తీసి ఇంట్లో పెట్టాను. ఇరవయ్యో రూలు కాగితం నేను రాసివ్వను. మీ రిజిస్టర్లో తనని లోపలే ఉండనివ్వు.

ఇట్లు,
తాళాల మేస్త్రి

తా.క.: బయటికి వస్తుంటే గేటు దగ్గర కార్లో ఎంతమందని అడిగారు. ఒక్కణ్ణే అని చెప్పాను. అంతకుముందు బాతుల్ని నేనే లెక్కపెట్టాను. ఇరవై మూడు. తప్పని ఎవరూ చెప్పలేదు.