డాక్టర్ గారి ఫోను కోసం పదిహేను నిమిషాలు

ఫిబ్రవరి 11, బుధవారం

ఈ రోజు పదింటికి ఫోన్లో ఇంటర్వ్యూ! రేవు దగ్గర చేపల కోల్డ్ స్టోరేజీలో లారీల సూపర్‌వైజర్ ఉద్యోగం. అడిగేది బొగోతా హెడ్డాఫీసు నుంచి డాక్టర్ ఉర్దనేతా. ఏనాడూ ఒక్క రోగి నాడి చూసి ఎరగడు. మా కొలంబియాలో టై కట్టినవాడల్లా డాక్టరే.

ఈస్టర్ లోపు ఉద్యోగం రాకపోతే బొగోతాలో అన్నయ్య ఇంటి వెనక గదిలో పడుండి, వాళ్ళ పిల్లల ముక్కులు తుడవాలి. ఆ చలిలో! మాటిచ్చేశాను, తప్పదు.

అయినా గౌరవం గౌరవమే. కొత్త రూలు: చెప్పిన టైముకి ఫోను రాకపోతే పదిహేను నిమిషాలు చూడటం. మర్యాదగా ఒక్క మెయిలు. అంతే. దేబిరించడం లేదు!

10.15. రాలేదు. మెయిలు పంపాను: "మీకేదో అత్యవసర పని పడి ఉంటుంది. వీలైన సమయం తెలియజేయగలరు." ఎంత హుందాగా రాశానో! ఫోను కట్టేసి, గుడ్డు పెట్టి వేయించిన అరేపా రొట్టె వేడివేడిగా తిన్నాను.

10.30. ఫోను ఆన్ చేశాను. టైము చూసుకోవడానికే.

ఫిబ్రవరి 12

జవాబు లేదు. స్నానాలగదిలోకి ఫోను తీసుకెళ్ళాను, పాటల కోసం. పాటలు పెట్టలేదు. పెడితే రింగు వినపడదు కదా.

అమ్మ కుట్టుమిషను మీంచి తలెత్తింది. "ఏమే ఎనేయిదా, ఫోనుకేమన్నా జ్వరమా? ఒళ్ళోంచి దించట్లేదు!"

"వాళ్ళే చేస్తారమ్మా. నేను చెయ్యను."

"చెయ్యకు. నన్ను చెయ్యమంటావా?"

అమ్మ కార్నివాల్‌కి మరిమొండ ముసుగులు కుడుతోంది. వేలాడే పొడుగు ముక్కు, చేటంత చెవులు, తిరగేసి తొడిగిన కోటు, మెడలో టై. పని చెయ్యకుండా జీతం తినే ఆఫీసుదొరల మీద మా బర్రాంకియా ఎప్పుడో కట్టిన వేషం.

సాయంత్రం. చేశాను. ఒక్కసారే. మెయిలు అందిందో లేదో కనుక్కోవడానికి కాబట్టి అది మెయిలు కిందికే వస్తుంది. సెక్రటరీ ఎత్తింది: "డాక్టర్ గారు మీటింగులో ఉన్నారు, బంగారం."

సరే, నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ అదే మీటింగు, అదే బంగారం.

ఫిబ్రవరి 13

మెయిలొచ్చింది! "సోమవారం బర్రాంకియాలోనే ఉంటాను. పదింటికి నేనే చేస్తాను."

సోమవారమట! కార్నివాల్ సోమవారం! ఆ రోజు ఈ ఊళ్ళో పని పెట్టుకునేవాడు ఇంకా పుట్టలేదు. ఇలాంటి బుద్ధి బొగోతావాళ్ళకే పుడుతుంది. "చాలా సంతోషం డాక్టర్ గారూ!!!" అని రాశాను. సిగ్గులేని దాన్ని.

ఫిబ్రవరి 16, సోమవారం

వీధంతా డప్పులు. ఫోను వినపడాలని బీరువాలో దూరి తలుపేసుకున్నాను. పది. పదింపావు. పదకొండు. పన్నెండయ్యాక అమ్మ తలుపు లాగింది. "బయటికి రావే తల్లీ, చెదలు పడతావు!" అని నా నెత్తిన ముసుగు తొడిగింది.

సాయంత్రం. వాణ్ణి చూశాను! ఊరేగింపు దారిలో కంపెనీ బ్యానరు కట్టిన మంచె మీద, మెడలో పేరు కార్డు, చేతిలో రమ్ము గ్లాసు. డాక్టర్ ఉర్దనేతా! ముసుగులో ఉన్నవాళ్ళు గొంతు కీచుగా మార్చి ఎవర్నయినా ఆటపట్టించవచ్చు, ఎవరూ కోప్పడకూడదు. అది మా ఊరి ఆచారం. మంచె ఎక్కేశాను.

"నన్ను గుర్తుపట్టు చూద్దాం!"

"ఎవరే నువ్వు? మా ఆఫీసు పిల్లవేనా?"

"పొద్దున ఎవరికో మాటిచ్చి ఎగ్గొట్టావటగా, డాక్టరూ?"

పగలబడి నవ్వాడు. "అదా! ఎవత్తెదో ఇంటర్వ్యూ ఉందిలే. ఉద్యోగం కావాల్సింది దానికి గానీ నాకా? పడుంటుంది."

కార్నివాల్‌లో అందరూ చల్లుకునే మొక్కజొన్న పిండి గుప్పెడు తీసి మొహాన కొట్టాను. థాంక్స్ చెప్పాడు, వెధవ. పండగ సరదా అనుకున్నాడు.

ఫిబ్రవరి 18, బూడిద బుధవారం

నుదుట బూడిద పెట్టించుకుని చర్చిలోంచి వస్తున్నాను. ఫోను! వాడే! చచ్చినా ఎత్తకూడదనుకున్నాను. రెండో రింగుకి ఎత్తాను.

"చెప్పండి డాక్టర్ గారూ!" గొంతులో తేనె కారుతోంది. నా మీద నాకే అసహ్యం వేసింది.

లారీల సంగతులన్నీ అడిగాడు. చెప్పాను. మెచ్చుకున్నాడు. వచ్చే వారమే చేరగలరా అన్నాడు! అన్నయ్య పిల్లల ముక్కులు తప్పాయనుకున్నాను. వాడు అక్కడితో ఊరుకోవచ్చుగా?

"సోమవారం ఏమనుకోకండి. మా అమ్మగారికి ఒంట్లో బాగాలేక రోజంతా ఆస్పత్రిలోనే ఉన్నాను. మా దగ్గర అన్నిటికంటే ముఖ్యం టైము పాటించడం. పాటిస్తారుగా?"

"పాటిస్తానండీ" అంటే చాలు. నా నోరు నా మాట వింటే గదా! ఆ కీచుగొంతు దానంతటదే వచ్చేసింది.

"నన్ను గుర్తుపట్టు చూద్దాం!"

అక్కడితోనైనా ఆగానా?

"పిండి వదిలిందా, డాక్టరూ? అమ్మగారికి ఆ రమ్ము పడిందా?"

పెట్టేశాడు.

ఇంటికొచ్చి ఏడ్చాను. బొగోతా చలి ఇప్పుడే ఎముకల్లోకి దిగినట్టయింది. సంగతి విని అమ్మ కుర్చీలో పడి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. అది చూసి నాకూ నవ్వాగలేదు.

ఫిబ్రవరి 27

ఇంకో కంపెనీ. ఇంకో డాక్టరు. మూడింటికి చేస్తాడట. ఈసారి రూలంటే రూలే: పదిహేను నిమిషాలు, ఒక్క మెయిలు, అంతే!

3.15. రాలేదు.

మా గడియారం కాస్త ముందు నడుస్తుంది. ఇంకో ఐదు నిమిషాలు చూస్తే పోయేదేముంది? వీధిలో ఐస్‌క్రీం బండివాడు గంట కొడుతున్నాడని, ఊరికే, బీరువాలోకొచ్చి కూర్చున్నాను.

బయట్నుంచి అమ్మ: "ఏమే, ముసుగు ఉతికి పెట్టనా?"