వెనక గది ఫినాయిల్

ఏప్రిల్ 9

మళ్లీ అయింది. మొన్ననే గదా తలకు పోసుకున్నా. పోయిన నెలంతా లేదు, ఈ నెల విడవడం లేదు. నలభై ఏడొచ్చినాయి. నిలిచిపోవాల్సిన వయసులో ఇట్ల పారేదేంది.

వెనక గదిలో పనిచేసిన దినాలే ఎక్కువైతాండాదని నాకు అనుమానం. అంగడికీ ఇంటికీ మధ్యన ఆ గది. కిటికీ లేదు. సరుకు బండి ఈరేష్ కర్నూలు నుంచి ఫినాయిల్ క్యాన్లు, సెంటు క్యాన్లు తెచ్చి దించిపోతాడు. దాంట్లో నీళ్లు, రంగు, సెంటు కలిపి బాటిళ్లకు పోసేది నేను. పెండ్లయి ఈ ఆత్మకూరికి వచ్చినప్పట్నుంచీ నేనే. మా ఆయన అంగట్లో కూచుంటాడు.

ఏప్రిల్ 11

మా ఆయనతో చెప్పినా. వయసు అన్నాడు. అందరు ఆడోళ్లకూ అయ్యేదే అన్నాడు. సెల్లు మీద నుంచి తల ఎత్తలే.

ఏప్రిల్ 17

సెంటు క్యాన్ మీద ఏం రాసినారో చూద్దామని పోయినా. లేబుల్ చించేసినారు. జిగురు మరక మాత్రం ఉండాది. దాని పక్కది కూడా అంతే. మా ఆయన్ను అడిగితే వచ్చేటప్పుడే అట్ల వచ్చిందన్నాడు.

నమ్మలే. ఈరేష్‌కి ఫోన్ చేసినా. సారుకు అన్నీ చెప్పినా గదక్కా అన్నాడు. ఏం చెప్పినావప్పా అంటే సిగ్నల్ లేదని పెట్టేసినాడు. గంట తర్వాత మా ఆయనకు వాడి దగ్గర నుంచే ఫోన్. దానికి సిగ్నల్ ఉండాది.

ఏప్రిల్ 28

అంగట్లో నిలబడి ఉంటే మెడకాడ నుంచి వేడి ఎక్కింది. రవిక తడిసిపోయింది. సబ్బు కొనేకి వచ్చినామె ఏమక్కా అట్ల కారిపోతాండావు అనింది. ఎండ అన్నా. నెత్తి మీద ఫ్యాన్ తిరుగుతాండాది.

మే 3

ప్రొద్దుటూరు. మా చంద్రక్క ఇంటికి వచ్చినా. చూడబుద్ధయి వచ్చినా అని చెప్పినా. ఆ గదికి దూరంగా ఉంటే తగ్గుతుందేమో చూద్దామనేది అసలు సంగతి.

మే 8

తగ్గలే. వేడి అట్లనే ఎక్కుతాండాది. మరి ఆయన చెప్పిందే నిజమా? ఊరికే ఆ గదిని అనుమానిస్తాండానా?

అక్క బాత్రూంలో చూస్తే మా ఫినాయిల్ బాటిలే. మీ ఆయనే గదా పండగ పండక్కూ పంపిస్తాడు, నువ్వే కలుపుతావంట గదా అనింది అక్క.

మే 14

నిన్న ఇంటికొచ్చినా. నాదే ఒట్టి అనుమానం అనుకోని ఈపొద్దు గదిలో పనికి దిగి, మా కోడలు రమ్యశ్రీని గరాటు పట్టుకుందువు రామ్మా అని పిలిచినా. దానికి ఇప్పుడు మూడో నెల. గది గడప దాటలే. మామయ్య వద్దన్నాడత్తా అనింది. ఎప్పుడంటే, పెండ్లయి కాపురానికొచ్చిన వారానికే అనింది. నీకు చెప్పొద్దన్నాడు, చెప్తే ఊరికే భయపడతాదన్నాడు అని తల వంచుకుంది. బిడ్డ ఏడ్చేట్లు ఉండాది. దాన్నేమీ అనలే.

సీదా అంగట్లోకి పోయినా. గిరాకీ పోయేంత వరకూ నిలబడినా. తర్వాత అడిగినా. తెలియదన్నాడు మొదట. రమ్యశ్రీ చెప్పిందంటే అప్పుడు ఒప్పుకున్నాడు. కడుపుతో ఉండేవాళ్లు, పిల్లలు కావాల్సినవాళ్లు ఆ సెంటు జోలికి పోకూడదని లేబుల్ మీదే ఉండిందంట. గాలి రాని తావ వాడకూడదని కూడా. ఈరేష్ చదివి చెప్పినాడంట. అంగట్లోకి వచ్చినోళ్లు చూస్తే కొనరని తనే చించినాడంట.

మరి నేనో అన్నా.

నీకు ఇంక పిల్లలు కావల్లనా ఏంది అన్నాడు.

కోపంగా అనలే. ఎగతాళి కూడా కాదు. ఉప్పు ప్యాకెట్లు సర్దుకుంటా మామూలుగా అన్నాడు. వచ్చి చేతులు కడుక్కున్నా. మళ్లీ కడుక్కున్నా.

మే 15

గదికి తాళం వేసినా. తాళంచెవి నా తాళిబొట్టుకు కట్టుకున్నా.

మే 19

కర్నూలు పోయినాం, నేనూ రమ్యశ్రీ. మా ఆయన అంగడి ఎవరు చూస్తారన్నాడు.

డాక్టర్ నిస్సీ అని, చిన్న వయసే. స్కాన్ చేయించింది. గర్భసంచి లోపలి పొర మందంగా ఉండాదంట, ముక్క తీసి టెస్టుకు పంపింది. రక్తం కూడా శానా తక్కువుందంట. ఇన్ని దినాలు ఎందుకు ఊరుకున్నారమ్మా అనింది. వయసన్నారు అని చెప్పినా. వయసే కావచ్చు, అయినా చూపించుకోవాల్సిందే గదా అనింది.

గది సంగతి చెప్పినా. కొన్ని సెంట్లలో ఉండే కెమికల్స్ హార్మోన్లను కదిలిస్తాయని అనుమానం ఉండాదంట. మీకు దానివల్లే అని చెప్పలేను, కాదనీ చెప్పలేను అనింది. ఆ గదిలోకి మాత్రం పోవద్దనింది.

ఏదో ఒకటి చెప్పింటే బాగుండు.

మే 26

రిపోర్ట్ రాలే. మా ఆయన బేనిషా మామిడిపండ్లు తెచ్చినాడు. తొక్క తీసి కోసి ప్లేట్లో పెట్టిచ్చినాడు. పెండ్లయినప్పట్నుంచీ ఒక్కసారి కోసిచ్చినోడు కాదు. డాక్టర్ ఆయనకే ముందు ఫోన్ చేసి చెడ్డ కబురు చెప్పేసిందా అనుకున్నా.

తిన్నాక తాళంచెవి అడిగినాడు.

మే 30

క్యాన్సర్ కాదు.

బస్టాండులో రమ్యశ్రీ ఏడ్చింది. నాకు ఏడుపు రాలే. టాబ్లెట్లు ఇచ్చినారు. ఇంటికొచ్చి చెప్తే, నేను చెప్పలేదా, వయసు అన్నాడు మా ఆయన. మొహంలో నిమ్మళం కనపడింది. నాకు బాగైనందుకా, తను గెలిచినందుకా అని చూస్తా నిలబడినా. తెలియలే.

జూన్ 4

ఈరేష్ బండి వచ్చింది. ఈసారి బండిలోనే లేబుళ్లు చించిన క్యాన్లు. బండి ముందరికి పోయి నిలబడినా. లేబుల్ ఉంటేనే దించు, లేకుంటే తీసుకోని పో అన్నా. పక్క అంగళ్లవాళ్లు బయటికొచ్చి చూసినారు. మా ఆయన గమ్మునుండు, లోపలికి పో అన్నాడు. పోలే. ఆడోళ్లు ముట్టకూడదని రాసిందాన్ని నాతో కలిపించినారని అందరికీ వినపడేట్లు చెప్పినా.

మా ఆయనే లోపలికి పోయినాడు. ఈరేష్ బండి తిప్పుకున్నాడు.

జూన్ 11

మా ఆయన నాతో మాట్లాడడం లేదు. అంగట్లోకి కంపెనీ సీలు బాటిళ్లు తెచ్చి పెట్టినాడు. వేడి ఇంకా ఎక్కుతాండాది. బ్లీడింగ్ తగ్గింది. టాబ్లెట్లకు తగ్గిందో, గది మూసినందుకో.

జూన్ 20

రమ్యశ్రీకి జడ వేస్తాంటి. నా చేయి పట్టుకోని ముక్కు కాడ పెట్టుకుంది. ఇప్పుడు ఆ సెంటు వాసన లేదత్తా అనింది.

ఇన్నాళ్లూ ఉండిందని ఒక్కరూ చెప్పలే.