వియ్యపురాలి గొడ్డలి

ఏమోయ్,

నేను క్షేమం, నా నడుము అంతకంటే క్షేమం. గడ్డపార ముట్టనని నీకిచ్చిన మాట మీదే ఉన్నాను. గట్టు మీద కూర్చుని సలహాలిస్తున్నాను. ఎవరూ తీసుకోవడం లేదు.

అల్లుడు కొత్త చేను బాగుచేస్తూ, తొందరలో పెద్ద చెట్టును నేలమట్టంగా కోసేశాడు. మొదలు పెకలిద్దామంటే, మోకు కట్టి ఊపడానికి జానెడు మానైనా మిగల్లేదు. నువ్వు మొహం చూడనన్న వియ్యపురాలు వచ్చి, "గుండు గీసేసి, ఇప్పుడు పిలక పట్టుకు లాగుతానంటే ఎలారా?" అంది. (గుండంటే గుర్తొచ్చింది, నా ఉన్ని టోపీ ఎలుకల పాలు కానీకు.)

తర్వాత మొదలు చుట్టూ అల్లుడు గుంట తవ్వితే, కొంగు దోపి తనే అందులోకి దిగింది. మట్టి తగిలితే గొడ్డలి పదును పోతుందని, మన అమ్మాయి బిందెలతో నీళ్లు మోసి వేళ్లు కడుగుతుంటే, ఈవిడ ఒక్కో పక్కవేరూ నరికింది. మన ఈడు మనిషి! చివర్లో గొడ్డలి అమ్మాయికిచ్చి, "తల్లివేరు నువ్వే కొట్టు, చేను నీది" అంది. కొట్టింది. మొదలు ఒరిగింది.

అప్పుడు ఆవిడ, "అన్నయ్యగారూ, పిల్లకి పని చేతకాదని పెళ్లిలో నోరు జారాను. ఆ మాట వెనక్కి తీసుకున్నానని వదినగారికి రాయండి" అంది. రాశాను. ఆ మాట వెనక్కి తీసుకునేదాకా ఈ గడప తొక్కనన్నావు కదా, ఇక పంతమెందుకు?

వంటింటి కుళాయి కారడం ఆగిందా? పిల్లలకు ఆశీస్సులు. అటక మీద నా ఆకురాయి ఉంది, ఇక్కడి గొడ్డలికి పదును పెట్టాలి. ఎవరి చేతా పంపకు. నువ్వే తెచ్చి ఆవిడ చేతికియ్యి.

మీ ఆయన